మరకలు కనిపించాయని మాత్ర ఆపకండి

సంపాదకులకు,

గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరిగి నొప్పి పుట్టించే జబ్బు ఎండోమెట్రియోసిస్. అది ఉందని తేలడానికే చాలామందికి ఏళ్లు పడుతుంది. స్కానింగ్ మామూలుగా ఉందంటే జబ్బు లేనట్టు కాదు. పొత్తికడుపు లోపలి పొర మీద పలచగా పరుచుకున్న మచ్చలు స్కానింగ్‌లో తరచూ దొరకవు. ఇంత అవస్థపడి మందు దాకా వచ్చినవాళ్లు రెండో నెలలోనే ఆపేస్తుంటే మనసు కష్టంగా ఉంటుంది. వేసుకుంటే ఏమవుతుందో ముందుగా చెప్పి ఉంటే చాలామంది ఆపరు.

ఈ జబ్బుకి ఇచ్చే హార్మోన్ మాత్ర డైనోజెస్ట్ సంగతే తీసుకోండి. 2 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి, ఒకే వేళకి. రక్తం కనిపించినా సరే, ఒక్కరోజు కూడా ఖాళీ ఇవ్వకూడదు. 21 రోజులు వేసుకుని 7 రోజులు మానే మాత్రల లెక్క దీనికి పనికిరాదు. మొదటి కొన్ని నెలలు వేళాపాళా లేకుండా మరకలు పడతాయి, ఒక్కోసారి రోజుల తరబడి సాగుతాయి. గర్భాశయం లోపలి పొర పలచబడి కుదురుకునేదాకా అంతే. మందు పడలేదనుకుని ఆపేసి, నొప్పి తిరగబెట్టాక మళ్లీ మొదలుపెడితే ఆ మరకల నెలలు కూడా మళ్లీ మొదటికొస్తాయి. మాత్ర మరిచిపోయినా మరకలు ఎక్కువవుతాయి. వేసుకున్న మూడు నాలుగు గంటల్లోపు వాంతయితే ఇంకొకటి వేసుకోవాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దిగులు కమ్ముకుంటే ఓర్చుకోవద్దు, డాక్టరుకి చెప్పాలి, మందు మార్చవచ్చు. గర్భం రాకుండా ఆపడానికి ఈ మాత్రని నమ్ముకోకూడదు, కండోమ్ వాడాలి.

నొప్పి మాత్ర విషయంలో చాలామంది చేసే పొరపాటు, భరించలేని స్థితి వచ్చేదాకా ఆగడం. మెఫెనమిక్ యాసిడ్ లాంటివి నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపుతాయి. అప్పటికే తయారైనవాటి మీద అంతగా పనిచేయవు. అందుకే నెలసరి సూచన కనిపించగానే, ఏదైనా తిన్నాక మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన వ్యవధిలో రెండు మూడు రోజులు వేసుకోవాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు.

అండాశయాల్లో హార్మోన్ తయారీని ఆపే ల్యూప్రొలైడ్ ఇంజక్షన్ వేశాక మొదటి రెండు వారాలు నొప్పి పెరగవచ్చు, ఆ తర్వాత ఒంట్లో ఆవిర్లు వస్తాయి. ఎముకలు పలచబడకుండా తోడుగా తక్కువ మోతాదు హార్మోన్ ఇస్తారా అని ముందే అడగండి.

చాక్లెట్ సిస్ట్‌కి (ఈ జబ్బు వల్ల అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తికి) ఆపరేషన్ అంటే, పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందు ఏఎంహెచ్ పరీక్ష (అండాలు ఏ మేరకు మిగిలాయో అంచనా వేసే రక్తపరీక్ష) గురించి మాట్లాడాలి. సిస్ట్ తీసేటప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న మంచి అండాలు కూడా పోతాయి. వెంటనే గర్భం కోరుకోనివాళ్లకి ఆపరేషన్ తర్వాత హార్మోన్ మందు కొనసాగిస్తే సిస్ట్ తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. ఇక పెళ్లయి పిల్లలు పుడితే అదే పోతుందన్న మాట దయచేసి ఏ ఆడపిల్లకీ చెప్పకండి. గర్భం ఈ జబ్బుకి మందు కాదు.

డాక్టర్లకి మా విన్నపం: మందుల చీటీ కింద "మూడు నెలలు మరకలు పడవచ్చు, ఆపవద్దు, ఇలా అయితే రండి" అని తెలుగులో రాసివ్వండి.

ఇట్లు,
గైనకాలజీ విభాగం నర్సులు