పెద్దాసుపత్రిలో మన పిల్లలకు పనేమిటి?

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లలను ప్రతి రెండో శనివారం ఉదయం కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు సేవకు తీసుకువెళ్లే ఆలోచనను గత సమావేశంలో మీ ముందు పెట్టాము. చాలామంది సరేనన్నారు. ఒక తండ్రి మాత్రం లేచి, "మందు రాయలేరు, సూది వేయలేరు, పెద్దాసుపత్రిలో మన పిల్లలకు పనేమిటి మేడమ్?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఈ నెల ఉత్తరం ఆయనకూ, అడగకుండా మనసులో అదే అనుకున్న మీ అందరికీ జవాబు.

ఉదయం ఓపీ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఆలూరు, కోసిగి, ఆత్మకూరు నుంచి, తుంగభద్ర దాటి గద్వాల వైపు నుంచి, ఇటు రాయచూరు నుంచి కూడా జనం వస్తారు. చీకటితోనే బస్సెక్కి వచ్చిన అవ్వ చేతిలో చీటీ ఉంటుంది, అందులో ఏ గది నంబరు రాశారో ఆమెకు తెలియదు. ఫోనులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే ఆమె దగ్గర ఉన్నది మీటల ఫోను. రక్తపరీక్ష ఒకచోట, ఎక్స్‌రే మరోచోట, మందులిచ్చే కిటికీ ఇంకోచోట. నర్సులకు తల తిప్పడానికి తీరిక ఉండదు. ఇక్కడ చదవడం వచ్చిన పద్నాలుగేళ్ల పిల్ల ఆమె పక్కన నడిస్తే, ఆ అవ్వ డాక్టరు వెళ్లిపోయేలోపు గదికి చేరుతుంది. లేకపోతే మరునాడు మళ్లీ రావాలి, ఒక రోజు కూలి మళ్లీ పోవాలి. అందుకే ఇది చిన్న పని అంటే నేను ఒప్పుకోను.

మన బడిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు, కన్నడం మాట్లాడేవారు ఎంతోమంది ఉన్నారు. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన రోగికి తన భాషలో "ఇటు రండి" అనే గొంతు వినిపిస్తే ఎంత ధైర్యమో వేరే చెప్పాలా? మార్కుల పట్టికలో ఎక్కడా కనిపించని ఈ భాషలకు ఓపీ దగ్గర చాలా విలువ ఉంది.

వైద్యం చదవని చేతులు ప్రాణాలు నిలిపిన సంగతి ఒకటి ఈ మధ్య పిల్లలకు చెప్పాను, మీకూ చెప్పాలి. 1971లో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు తరలివచ్చారు. శిబిరాల్లో కలరా చెలరేగింది. సరిహద్దు దగ్గరి బన్‌గావ్ ఆసుపత్రిలో నేలమీద కూడా చోటు లేదు, నరానికి ఎక్కించే సెలైన్ నిండుకుంది. అప్పుడు దిలీప్ మహలనబీస్ అనే పిల్లల వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కొలతల ప్రకారం కలిపిన పొట్లాలు కలకత్తాలో తయారు చేయించి, వాటిని డ్రముల నీళ్లలో కరిగించి రోగులకు తాగించాలని నిర్ణయించారు. తాగించింది ఎవరనుకున్నారు? రోగుల తల్లులు, అన్నలు, చెల్లెళ్లు. గ్లాసుతో ముంచడం, తాగించడం, మళ్లీ ముంచడం. అంతకుముందు నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు ఆయన చూసిన రోగుల్లో నాలుగు లోపుకు దిగాయి. ఆ ద్రవమే ఇప్పుడు మనం ఓఆర్‌ఎస్ అంటున్నది. మహలనబీస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఇచ్చి ఉంటే బాగుండేదని నా మనసుకు అనిపిస్తుంది.

ఇంత గొప్ప మందును మన ఇళ్లలో తప్పుగా కలుపుతున్నాము. గ్లాసు నీళ్లలో సగం పొట్లం పోసి, మిగతాది మడిచి పెడతాము. పెద్ద పొట్లం మొత్తాన్ని ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపాలి. ఇరవైనాలుగు గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. పేగులో ఉప్పు, గ్లూకోజు సరైన పాళ్లలో ఉన్నప్పుడే రెండూ కలిసి లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు వెళుతుంది. ఎక్కువ చిక్కగా కలిపితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. దుకాణాల్లో ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడైన తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనే ముందు పొట్లం మీద రాసింది పిల్లల చేత చదివించండి.

ఒంటిపూట బడులు మొదలయ్యాక మన గేటు పక్కన చలివేంద్రం పెడుతున్నాము. ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో పిల్లలు అక్కడ వచ్చినవారికి చూపిస్తారు. వడదెబ్బ తగిలి మాట తడబడుతున్న మనిషికీ, స్పృహ లేని మనిషికీ నోట్లో ఏమీ పోయకూడదనీ, నీడకు చేర్చి ఒళ్లు తడుపుతూ విసరాలనీ, వెంటనే 108కి ఫోను చేయాలనీ నేర్పిస్తున్నాము. కర్నూలు ఎండల్లో పెరిగే పిల్లలకు ఇది ఎక్కాలంత అవసరం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరిని ముంచిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఈ పిల్లలు పుట్టనైనా లేదు. నీరు తీశాక మిగిలిన బురదలో, కలుషితమైన తాగునీటితో ఎలాంటి జబ్బులు వస్తాయో మీరే వారికి చెప్పండి. మీరు చూసినది మేము పాఠంగా చెప్పలేము.

ఇక హద్దుల సంగతి. పిల్లలు వార్డుల్లోకి, అత్యవసర విభాగంలోకి, క్షయ, అంటువ్యాధుల విభాగాల్లోకి వెళ్లరు. సూదులను, కట్లను, రక్తపు సీసాలను తాకరు. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పరు, అడిగినవారిని ఫార్మసిస్టు దగ్గరకు తీసుకువెళతారు. ఇద్దరు టీచర్లు వెంట ఉంటారు. మాస్కు, చేతులు కడుక్కోవడం తప్పనిసరి. జలుబు, దగ్గు ఉన్నవారు ఆ వారం ఇంట్లోనే ఉండాలి. పదేళ్ల వయసులో ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేయించవలసిన టీడీ టీకా వేయించారో లేదో ఒకసారి చూసుకోండి.

ఫోన్లు బడిలోనే ఉంటాయి. ఫొటోలు ఉండవు, పళ్లు పంచుతూ దిగేవి కూడా. నొప్పితో ఉన్న మనిషి మన వాట్సాప్ గ్రూపుకు బొమ్మ కాకూడదు. ఇందులో మీ వంతూ ఒకటుంది. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే "మన వీధివాళ్లు ఎవరైనా కనిపించారా? వాళ్లకేమైంది?" అని అడగకండి. పక్కింటి కోడలు ఏ గది ముందు కూర్చుందో బయటికి పొక్కితే ఆమె కాపురం మీదికి రావచ్చు. ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టమే నిషేధించింది. చట్టం లేని జబ్బుల విషయంలోనూ మన పిల్లలు నోరు మెదపకూడదు. ఈ సేవలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. ఇంట్లో పెద్దలు తోడు నిలవకపోతే పిల్లలు ఈ మాట నిలబెట్టుకోలేరు.

సర్టిఫికెట్ ఇస్తారా అని కొందరు అడిగారు. ఇవ్వము. మరికొందరు, పెద్ద పిల్లలను డబ్బు కట్టి ఆఫ్రికా దేశాలకు వైద్యసేవ పేరుతో పంపే సంస్థల గురించి అడిగారు. నా అభిప్రాయం దాచను: చదువు పూర్తికాని కుర్రవాడు మన బిడ్డకు కుట్లు వేస్తానంటే మనం ఒప్పుకోము. మరో దేశపు పేద బిడ్డ మీద ఆ పని ఎలా నేర్చుకుంటాము? 1971లోనే ఫ్రాన్సులో పుట్టిన డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ సంస్థ యుద్ధాలు, కరవుల మధ్యకు పంపేది చదువు ముగించి పని అనుభవం సంపాదించినవారినే. మీ పిల్లలకు ఆ కోరిక ఉంటే చాలా సంతోషం. ముందు చదువు, తర్వాత ఉద్యోగంలో కొన్నేళ్లు, ఆపైన ఆ ప్రయాణం.

అంగీకార పత్రం ఈ లేఖతో పంపుతున్నాము, శుక్రవారంలోగా సంతకం చేసి పంపండి. పంపడం ఇష్టం లేకపోతే కారణం రాయనక్కర్లేదు. ఆ పిల్లలు చలివేంద్రం పనిలో ఉంటారు.

ఇంకొక్క విన్నపం, ఇది మీకే. పద్దెనిమిది నిండనివారు రక్తం ఇవ్వకూడదు, మీరు ఇవ్వవచ్చు. వేసవిలో కాలేజీలకు సెలవులు కావడంతో రక్తనిధుల్లో నిల్వలు పడిపోతాయి. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండి, డాక్టరు పరీక్షించి సరేనంటే చాలు. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. సిద్ధంగా ఉన్నవారు పత్రం వెనుక మీ బ్లడ్ గ్రూపు, ఫోను నంబరు రాయండి. ఆ జాబితా నా బల్ల సొరుగులోనే ఉంటుంది, అవసరం పడినప్పుడు నేనే స్వయంగా ఫోను చేస్తాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు