పోలండ్ కథ సగమే చెప్తే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

కమ్యూనిజం పోయాక తూర్పు యూరప్ దేశాల్ని మతమే నిలబెట్టింది, మనకూ అదే దారి అంటూ మొన్న మీ పేపర్లో వేసిన వ్యాసం చదివాను. పోలండ్ సంగతి నిజమే. 1979లో పోప్ రెండో జాన్ పాల్ సొంత దేశానికి వస్తే లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు, మరుసటి ఏడాదే సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది. కానీ అప్పుడు చర్చి సర్కారుకు ఎదురుగా నిలబడింది కాబట్టే దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా దాని నీడకు చేరారు. సర్కారు మారాక 1990లో బడుల్లో మతపాఠాలు వచ్చాయి, 1993లో అబార్షన్ మీద కఠిన చట్టం వచ్చింది, ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. దాని మీద వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

పాత యుగోస్లావియా నుంచి విడిపోయిన బోస్నియా ఊసే లేదు. అక్కడ సెర్బులు (ఆర్థడాక్స్ క్రైస్తవులు), క్రొయేట్లు (కేథలిక్కులు), ముస్లింలు మాట్లాడేది ఇంచుమించు ఒకే భాష. అయినా చర్చి ఎవరిది, మసీదు ఎవరిది అన్న లెక్కన మనుషుల్ని విడదీసి 1992 నుంచి 1995 దాకా చంపుకున్నారు. అక్కడి బన్యా లూకా పట్నంలో 16వ శతాబ్దపు ఫెర్హాదియా మసీదును 1993లో పేల్చేస్తే, మళ్లీ కట్టి తలుపులు తెరిచేసరికి 2016 అయింది. అటు చెక్ వాళ్లలో మతం పట్టనివాళ్లే ఎక్కువ, 1993 జనవరి 1న స్లొవేకియాతో ఒక్క తూటా పేలకుండా విడిపోయారు. మరి వాళ్లను నిలబెట్టిందెవరు?

మాది పర్లాకిమిడి. 1936లో భాష పేరు మీద గీత గీస్తే పక్కనున్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది, మేం ఒడిశాలోకి వచ్చాం. తెలుగు చదువు గురించి మా గొణుగుడు మాకుంది (దానికి ఇంకో ఉత్తరం రాయాలి), అయినా రథయాత్ర రోజు తాడు పట్టుకునే దగ్గర నీది ఒడియానా తెలుగా అని ఎవరూ అడగరు. నాకు మతం మీద కోపమేం లేదండీ, రోజూ దీపం పెట్టే ఇల్లే మాది. కానీ మా గజపతి జిల్లా కొండల మీద ఊళ్లలో క్రైస్తవులు బోలెడంత మంది ఉన్నారు, వాళ్లు ఆ తాడు పట్టుకోరు. మీ వ్యాసకర్త లెక్కలో వాళ్లు ఎక్కడ నిలబడాలి? ఆయన్నే అడిగి, వచ్చే ఆదివారం జవాబు వేయండి.

ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా