చెప్పులు విడవాలా, వదిలేసి పోవాలా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో, మా ఊళ్లో చెప్పులు విడిచే చోట పెట్టిన ఇంగ్లీషు బోర్డు ఫోటో వేసి, కింద బోర్డులు రాసేవారి చదువు మీద చమత్కారం విసిరారు. ఆ బోర్డు రాసింది నేను కాదు. అయినా ముప్పై ఏళ్లుగా తిరుపతిలో బ్రష్షు పట్టి బతుకుతున్నవాణ్ణి, ఆ మాట నాకూ తగిలింది. ఊరుకుందామని వారం రోజులు చూశాను, కుదరలేదు.

అయ్యా, అందులో స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు. చెప్పులు విడిచే చోట 'లీవ్' అని ఉండవలసింది 'అబాండన్' అని ఉంది, అంతే. రెండింటికీ తెలుగులో 'వదులు' అనే చెప్పుకుంటాం. కానీ 'అబాండన్' అంటే ఇక నాకు అక్కరలేదని వదిలేసి పోవడం. నిన్న నేను చూస్తుండగానే ఒక కుర్రవాడు ఆ బోర్డు చదివి, కొత్త బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నాడు. వాడికున్న ఇంగ్లీషు ఆ బోర్డు మీద రాయవలసిన మ్యాటర్ ఇచ్చినవారికి లేకపోయింది.

మ్యాటర్ మేము పుట్టించం. పూర్వం టైపు చేసిన కాగితం మీద సంతకం, ముద్ర వేసి ఇచ్చేవారు. ఇప్పుడు కంప్యూటర్‌లో తెలుగు వాక్యం పడేసి, బయటికొచ్చిన ఇంగ్లీషును చదవకుండానే ఫోనులో పంపిస్తున్నారు. 'సార్, ఈ మాట కుదరదు' అంటే, 'రెండూ ఒకటేనయ్యా, నువ్వు రాయి' అంటారు. ఒకసారి నేనే చొరవ చేసి మాట మార్చి రాస్తే, ఇచ్చింది ఇచ్చినట్టు రాయలేదని బిల్లు ఆపారు.

ఎలా ఒకటవుతాయి? 'లీవ్' ఇంగ్లీషువాళ్ల పాత ఇంటి మాట. 'అబాండన్' ఫ్రెంచి నుంచి వచ్చింది. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఇలాంటి ఫ్రెంచి మాటలు వేలకొద్దీ చేరాయి. పాతవీ కొత్తవీ పక్కపక్కనే నిలిచిన చోట చాలావాటికి వేరువేరు పనులు ఏర్పడ్డాయి. మనకు మాత్రం చావు, మరణం రెండూ లేవా? నగరపాలక కార్యాలయానికి వెళ్లి 'చావు ధ్రువీకరణ పత్రం' ఇమ్మని అడిగి చూడండి, గుమాస్తా మొహం ఎలా పెడతాడో! తిరుమల కొండ మీద మద్యం, మాంసం 'ప్రొహిబిటెడ్', అంటే పూర్తిగా నిషేధం. అక్కడ పరిమితం అనే అర్థమిచ్చే 'రిస్ట్రిక్టెడ్' అని రాస్తే, అనుమతి చీటీ ఎక్కడిస్తారని అడిగేవాడు తప్పకుండా వస్తాడు. చరిత్రలో పేరున్న చంద్రగిరి కోట 'హిస్టారిక్', ఆ చరిత్ర మీద అల్లిన నవల 'హిస్టారికల్'. నేను చదివింది పదో తరగతే. ఈ మాత్రం తేడాలు బోర్డులు రాస్తూ, తిట్లు తింటూ నేర్చుకున్నవే.

నాయకుడి ఫ్లెక్సులో పేరు ముందు బిరుదు ఒకటి తగ్గితే అర్ధరాత్రి లేపి మరీ మార్పిస్తారు. దేశమంతటి నుంచీ వచ్చే యాత్రికులు చదివే బోర్డుకు మాత్రం ఏ మాటైనా సరిపోతుంది!

ఆ బోర్డు ఇవాళ్టికీ అక్కడే ఉంది. ఒక్క మాట చెరిపి రాయడం అరగంట పని. రంగు నాదే, నిచ్చెన నాదే, కూలి అక్కరలేదు. కాగితం మీద 'లీవ్' అని రాసి, సంతకం పెట్టి ఇవ్వమనండి. నోటిమాట మీద మాత్రం ముట్టుకోను, ఆ పాత బిల్లే ఇంకా రావాలి.

— బోర్డులు రాసే ఒక పాఠకుడు, తిరుపతి