బిడ్డా, ఆ మెయిల్ కింది దాకా చదువు

డాలస్,
డిసెంబరు.

బిడ్డా,

హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ నుంచి వచ్చిందని నువ్వు పంపిన మెయిల్ చూశాను. "చూడు డాడీ, కాన్సులేట్ వాళ్లు కూడా నాకు హ్యాపీ హాలిడేస్ చెప్పారు, మీరే ఇంకా చెప్పలేదు" అని పైన ఒక ఎకసెక్కం. సరే, ముందు ఆ బాకీ తీర్చేస్తా. నీకు క్రిస్మస్ శుభాకాంక్షలు, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు, సంక్రాంతివి కూడా ఇందులోనే. మీ అమ్మ తనవి వేరుగా చెప్తుందట, నా లెక్కలో కలపొద్దంది.

మనబడి తెలుగు క్లాసుల్లో అన్నేళ్లు చదివించాం కాబట్టి తెలుగులోనే రాస్తున్నా. ఎక్కడైనా అర్థం కాకపోతే నానమ్మకు ఫోన్ చేసి అడుగు, ఆమెకూ కాలక్షేపం. ఇవన్నీ ఫోన్లో చెప్పబోతే "ఓకే డాడీ, ఓకే" అంటూ పెట్టేస్తావు.

ఆ మెయిల్లో నువ్వు చదివింది పైనున్న రెండు లైన్లే అని నాకు తెలుసు. అసలు సంగతి కింద ఉంది. ఏ రోజుల్లో ఆఫీసు మూసి ఉంటుంది, ఆ రోజుల్లో ప్రాణం మీదికొస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది. బయటి దేశాల్లో ఉన్న అమెరికా కాన్సులేట్లు అమెరికా సెలవులూ పాటిస్తాయి, ఆ దేశపు సెలవులూ పాటిస్తాయి. డిసెంబరు 25, జనవరి 1 ఎవరైనా ఊహిస్తారు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ డే అని హైదరాబాద్‌లో ఎవరికి గుర్తుంటుంది? ఊరంతా ఆఫీసులకు పరుగెడుతుంటుంది, నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ ఉన్న ఆ ఒక్క గేటుకు సెలవు. ఆ వెనకే జనవరి 26. పాస్‌పోర్టు పనో, నోటరీ పనో ఉంటే ఇవి చూసుకుని అపాయింట్‌మెంట్ తీసుకో. ప్రమాదాలూ అరెస్టులూ సెలవులు చూసుకుని రావు కాబట్టి డ్యూటీ ఆఫీసర్ అని ఒకరు రాత్రీ పగలూ ఫోన్‌కు దొరుకుతారు. ఆ నంబరు సేవ్ చేసుకో. ఒక కాగితం మీద రాసి పర్సులో కూడా పెట్టుకో, ఎందుకంటే ముందు పోయేది ఫోనే.

"నేను మన దగ్గరే ఉన్నా కదా డాడీ, నాకు కాన్సులేట్‌తో పనేంటి" అంటావు. నిజమే, కొండాపూర్‌లో పానీపూరీ బండి దగ్గర నిన్ను చూసి ఎవరూ అమెరికన్ అనుకోరు, నువ్వు నోరు తెరిచేదాకా. కానీ కాగితాల్లో నువ్వక్కడ విదేశీయురాలివే. ఓసీఐ కార్డు, అంటే భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇండియా ఇచ్చే కార్డు, ఉంది కాబట్టి ఎన్నాళ్లయినా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, వచ్చిన వెంటనే విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. అంతమాత్రాన అది పౌరసత్వం కాదు. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అక్కడ నీకు ఓటు లేదు. నానమ్మ పొలం పక్కన ఎకరం కొందామని మొన్న అన్నావు చూడు, అదీ కుదరదు. వ్యవసాయ భూమి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు గానీ కొనడానికి లేదు. ఓసీఐలో ఏ చిక్కు వచ్చినా అది భారత ప్రభుత్వం దగ్గర తేల్చుకోవాల్సిందే, అమెరికా కాన్సులేట్ దాని జోలికి రాదు.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు. మా జగిత్యాల వైపు ఎంబసీ అనే మాట చిన్న పిల్లలకు కూడా తెలుసు. అమెరికా వీసాల వల్ల కాదు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో దుబాయ్‌కో సౌదీకో పోయిన మనిషి లేని వాడ ఉండదు. మా పెద్దనాన్న కొడుకు అట్లా పోయాడు. దిగిన రోజే పాస్‌పోర్టు యజమాని తీసేసుకున్నాడు. జీతం ఆగింది, పని వదిలేశాడు, ఇక అక్కడ ఉండడమే నేరమైంది. చివరికి అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, మన ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ మీద ఇల్లు చేరాడు. ఔట్‌పాస్ అంటే ఒక్కసారి ఇంటికి రావడానికి మాత్రమే పనికొచ్చే కాగితం. ఆ కాగితం చేతికొచ్చేదాకా మా పెద్దమ్మ పండగ చేసుకోలేదు.

ఆయన బతికి వచ్చాడు, అదృష్టం. మా ఊరివాడే ఇంకొకతను శవమై పెట్టెలో వచ్చాడు. అక్కడి పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం, యజమాని సంతకం, ఎంబసీ ముద్ర, విమానంలో చోటు, ఇవన్నీ ఒక్క దగ్గరికి చేరేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇలాంటివాళ్ల కోసం భారత ప్రభుత్వం 2009లో ఒక సంక్షేమ నిధి పెట్టింది, 2015లో ఫిర్యాదులకు మదద్ అనే పోర్టల్ తెరిచింది. అంతకుముందు ఎమ్మెల్యే సిఫార్సు లేఖలు పట్టుకుని తిరగడమే. పరాయి దేశంలో కష్టం వస్తే మన తరఫున అడిగే ఆఫీసు ఒకటి ఉండడం ఎంత అవసరమో ఊళ్లో ఉండగానే చూశాను. ఆ ఆఫీసు చేతిలో ఎంత కొంచెం ఉంటుందో కూడా చూశాను. నీది నీలం రంగు అమెరికా పాస్‌పోర్టు అయినంత మాత్రాన ఈ రెండో సంగతి మారదు.

పోలీసులు ఎవరినైనా విదేశీయుణ్ణి పట్టుకుంటే, తన కాన్సులేట్‌కు కబురు చేయించుకునే హక్కు ఉందని ఆలస్యం లేకుండా అతనికి తెలియజేయాలి. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణంలో ఉన్న మాట ఇది. నువ్వడిగితే కాన్సులేట్ మనిషి వచ్చి చూస్తాడు. లాయర్ల జాబితా ఇస్తాడు. ఇంటికి కబురు చేస్తాడు. నిన్ను బయటికి తీసుకురాలేడు, నీ తరఫున వాదించడు, ఫీజు కట్టడు. ఆసుపత్రి బిల్లు కూడా అంతే. అడ్వాన్సు కట్టందే చేర్చుకోమని కార్పొరేట్ ఆసుపత్రి అంటే, మేం ఇక్కడ కట్టిన డబ్బు అక్కడ నీకు చేరేలా వాళ్లు ఏర్పాటు చేయగలరు. ఎవరూ దిక్కులేనివాళ్లకైతే ఇంటికి చేరడానికి అప్పు కూడా ఇస్తారు. ఆ అప్పు తీర్చేదాకా మామూలు పాస్‌పోర్టు మళ్లీ ఇవ్వరు. కాబట్టి అక్కడ ఒక హెల్త్ పాలసీ తీసుకో అని నేను ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. నీకు పద్దెనిమిది దాటింది. 1974 నాటి అమెరికా ప్రైవసీ చట్టం ప్రకారం, నువ్వు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, నీ గురించి కాన్సులేట్ వాళ్లు మామూలుగా మాకు కూడా ఏమీ చెప్పరు. కన్నవాళ్లమన్నా సరే. ఇది చదివినప్పుడు మీ అమ్మకు కోపం వచ్చింది, నాకు మాత్రం సబబుగానే అనిపించింది. పెద్దదానివైన నీ సంగతులు ఎవరికి తెలియాలో నువ్వే చెప్పాలి కదా. అందుకే అడుగుతున్నా. ఎప్పుడైనా ఏదైనా జరిగి వాళ్ల మనిషి నీ దగ్గరికి వస్తే, అన్నిటికంటే ముందు ఆ అనుమతి కాగితం అడిగి మా ఇద్దరి పేర్లూ రాసి సంతకం పెట్టు. మేం కోప్పడతామేమో, టెన్షన్ పడతామేమో అని ఆలోచించకు. టెన్షన్ ఎలాగూ పడతాం, తెలిసి పడడం నయం. నువ్వు ఫోన్‌కు అందకపోతే మేం ఇక్కడి నుంచి 1-888-407-4747కి చేస్తాం, నీ క్షేమం కనుక్కోమని అడుగుతాం. పాస్‌పోర్టు వివరాలు చేతిలో ఉంటే పని త్వరగా జరుగుతుంది, కాబట్టి మొదటి పేజీ ఫొటో మాకు పంపు. పోయినసారి కుక్క ఫొటో పంపావు.

స్టెప్ అని ఉంటుంది, విదేశాల్లో ఉన్న అమెరికన్లు తమ పేరు, ఫోను నమోదు చేసుకునేది. డబ్బులేమీ అడగరు. నీకా శుభాకాంక్షల మెయిల్ వచ్చిందంటే బహుశా అందులో ఉన్నావు. ఒకసారి లాగిన్ అయి చిరునామా కొండాపూర్‌దే ఉందా, అత్యవసరానికి మా నంబర్లే ఉన్నాయా చూడు. ఇది ఊరికే చెప్పడం లేదు. 2020 మార్చి 22 నుంచి ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసినప్పుడు, మనవాళ్లెందరో పెద్దవాళ్లను చూడబోయి, వాళ్లకు మనవరాళ్లను, మనవళ్లను చూపించబోయి అక్కడ ఇరుక్కుపోయారు. ఢిల్లీ నుంచి, ముంబయి నుంచి ప్రత్యేక విమానాలున్నాయన్న కబురు ఈ జాబితాలో ఉన్నవాళ్లకు నేరుగా వచ్చింది. అవీ ఉచితం కాదు, టికెట్ ఖర్చు తర్వాత కడతామని సంతకం పెట్టి ఎక్కారు. ఆ నెలల్లో ప్రపంచం మొత్తం మీద 1,00,000 మందికి పైగా అమెరికన్లను అలా ఇంటికి చేర్చారు.

స్టెప్‌లో వచ్చే హెచ్చరికలు చదివితే ఒక తమాషా కనిపించేది. ఇండియా గురించి అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే ప్రయాణ సూచనలో, మావోయిస్టుల వల్ల జాగ్రత్తగా ఉండాల్సిన ప్రాంతాల్లో కొంతకాలం కిందటి దాకా ఉత్తర తెలంగాణ కూడా ఉండేది. అంటే దాదాపు మీ నానమ్మ ఊరి దిక్కే! కాన్సులేట్ ఉద్యోగులు అటువైపు పోవాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సి వచ్చేదట. నా చిన్నప్పుడు ఆ అడవుల పక్క ఊళ్లలో ఎలా ఉండేదో నాకు తెలుసు, అప్పుడైతే ఆ భయానికి అర్థం ఉంది. ఇప్పుడు అక్కడ భయపడాల్సిందల్లా నానమ్మ పెట్టే భోజనానికే. అయినా ఆ సూచనలో ఒక మాట మాత్రం నేను కొట్టిపారేయను. పల్లెల్లో ఏదైనా జరిగితే సాయం అందించగలిగేది తక్కువ అని వాళ్లే రాశారు. సంక్రాంతికి ఊరికి పోతే రాత్రిపూట కారులో బయల్దేరకు. అది మావోయిస్టుల గురించి కాదు, ఇసుక లారీల గురించి.

నేను వీసాకు పోయిన రోజుల్లో హైదరాబాద్‌లో కాన్సులేటే లేదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయి, జెమినీ ఫ్లైఓవర్ పక్కన తెల్లవారకముందే వరుసలో నిలబడేవాళ్లం. ఫైలు చంకలో, చెమట వీపు మీద, లోపల కూర్చున్న ఆఫీసర్ ఏమడుగుతాడోనని భయం. 2006లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఇక్కడా ఒకటి పెడతామన్నారు, 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరిచారు, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడ కొత్త భవనంలోకి మారారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా మూడూ దాని కిందే. బయట వీసాల కోసం నిలబడినవాళ్లలో ఏ పిల్లాడో నాలాగే చెమటలు కక్కుతుంటాడు. నువ్వు అమెరికన్ సిటిజన్ అపాయింట్‌మెంట్ చూపించి లోపలికి పోతావు. పోయేటప్పుడు ఆ వరుస వంక ఒకసారి చూడు. ఇంకో మాట, ఫోను లోపలికి రానివ్వరు, రూమ్‌లోనే పెట్టి పో.

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు, తర్వాత కాన్సులేట్. అర్జంటు అయితే తక్కువ గడువున్న ఎమర్జెన్సీ పాస్‌పోర్టు ఇస్తారు. పాస్‌పోర్టు రెన్యువల్‌కు గడువు దగ్గర పడే దాకా ఆగకు. ఇప్పుడొచ్చిన ఆన్‌లైన్ రెన్యువల్ అమెరికాలో ఉన్నవాళ్లకే. మార్చిలో వచ్చే నీ ఫ్రెండ్స్ ట్రెక్కింగ్‌కు పోతారన్నావు కదా, శాటిలైట్ ఫోను, శాటిలైట్ మెసేజింగ్ పరికరం లాంటివి తేవద్దని గట్టిగా చెప్పు. అనుమతి లేకుండా అవి ఇండియాలో నేరం, విదేశీయులను విమానాశ్రయాల్లోనే అరెస్టు చేసిన సందర్భాలున్నాయి. ఈ-సిగరెట్లు కూడా 2019 నుంచి నిషేధం. నీ టెక్సాస్ లైసెన్సు ఒక్కటే చూపించి స్కూటీ నడిపితే అక్కడ చెల్లదు, ఆ చలానా కాన్సులేట్ కట్టదు.

పన్ను సంగతి క్లుప్తంగా చెప్తా. ఎక్కడ సంపాదించినా అమెరికన్లు అమెరికాకు రిటర్న్ వేయాల్సిందే. బయట ఉన్నవాళ్లకు గడువు జూన్ 15 దాకా ఉంటుంది గానీ, కట్టాల్సిన పన్ను మీద వడ్డీ ఏప్రిల్ నుంచే. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని ఆ ఖాతాల వివరాలు చెప్పే రిపోర్టు వేరే వేయాలి. ఆఫీసులో ఎవరో సిప్ పెట్టమన్నారని మ్యూచువల్ ఫండ్ కొనేశావనుకో, అమెరికా పన్నులో దాని లెక్క తేల్చడానికి అయ్యే ఖర్చు దాని మీద వచ్చే లాభాన్ని మింగేస్తుంది. కొనేముందు నన్నడుగు. అమెరికాలో నీ ఓటు కోసం పోస్ట్‌కార్డ్ దరఖాస్తు ప్రతి జనవరిలో మన కౌంటీ ఎన్నికల ఆఫీసుకు పంపాలి.

పెళ్లి గురించి నేనేమీ రాయొద్దని మీ అమ్మ పక్కనే నిలబడి ఉంది. అందుకే ఇంతే రాస్తున్నా. కాన్సులేట్‌లో పెళ్లిళ్లు చేయరు. కాకపోతే అవివాహితనని ఇచ్చే అఫిడవిట్ మీద ముద్ర వేస్తారు, ముద్రకు 50 డాలర్లు. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద అయితే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఏదో మాకూ ఒకటి ఇస్తే సంతోషం.

ఈ వారాంతంలో స్టెప్ చూసి, పాస్‌పోర్టు ఫొటో పంపు. సంక్రాంతికి నానమ్మ సకినాలు చుట్టేటప్పుడు దగ్గర కూర్చుని నేర్చుకో, ఆమె మోకాళ్లు ఇంకెన్నేళ్లు సహకరిస్తాయో తెలియదు. వచ్చేటప్పుడు ఒక డబ్బా నాకు, మీ అమ్మకు తెలియకుండా ఇంకోటి కూడా నాకే.

డాడీ