డిగ్రీలతో పాటు గాలి దిక్కు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే మీ జిల్లా పేజీలో ఓ మూల గరిష్ఠ ఉష్ణోగ్రతల బాక్స్ వేస్తారు. కాకినాడ ఇంత, నరసాపురం ఇంత అని. గోదావరి డెల్టాలో ఉండేవాళ్లకు ఆ ఒక్క అంకె చాలదు. ఇక్కడ ఎండ సంగతి తేల్చేది గాలి దిక్కు.

పడమటి గాలి తెలంగాణ వేడిని మోసుకొస్తోందని తరచూ రాస్తుంటారు. అది సగమే నిజం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. మన పాలకొల్లు, భీమవరం దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నాయి. పీఠభూమి మీది నుంచి గాలి కిందికి దిగేకొద్దీ దాని మీద ఒత్తిడి పెరుగుతుంది. అలా నొక్కుకుపోయిన గాలి, బయటి నుంచి రవ్వంత వేడి అందకపోయినా, సైకిల్ పంపు అడుగు కాలినట్టే వేడెక్కుతుంది. దీన్నే అడయాబాటిక్ ప్రక్రియ అంటారు. పొడిగాలి ఒక కిలోమీటరు దిగితే 9.8 డిగ్రీల దాకా పెరుగుతుంది. అంటే అక్కడ 40 ఉన్న గాలి, దారిలో ఇంకేమీ కలవకపోతే, మన దగ్గరికొచ్చేసరికి 45! వేడెక్కిన గాలి ఎక్కువ ఆవిరిని పట్టగలదు, అందులోని నీటి ఆవిరి మాత్రం పెరగదు కాబట్టి సాపేక్ష తేమ, అంటే గాలి పట్టగలిగే ఆవిరిలో నిజంగా ఉన్న వంతు, పడిపోతుంది. పెదాలు పగిలేదీ, ఆరేసిన చీర కాసేపట్లో పెళపెళలాడేదీ అందుకే. రోహిణిలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు.

మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే బాధ వేరు. 37కి దిగుతుంది, కానీ చెమట ఆరదు. అంకె చూసి ఇవాళ ఫర్వాలేదనుకుని ఉపాధి పనికి వెళ్లినవాళ్లు కూడా సొమ్మసిల్లుతారు. తీరప్రాంతంలో వడగాడ్పు లెక్కకు వాతావరణ శాఖ మైదానాలకు పెట్టిన 40 బదులు 37నే గీటుగా పెట్టుకుంది మరి. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి తీరం దాటి లోపలికి రాలేదు. అంతర్వేదిలో హాయిగా ఉన్నా తాడేపల్లిగూడెం ఉడికిపోతుంది. 2015 మే నెలాఖరు వడగాడ్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా పోయారు.

ఉదయం 8.30కీ, సాయంత్రం 5.30కీ గాలి దిశ, తేమ ఎలాగూ నమోదవుతాయి. వాటికి బాక్స్‌లో రెండు గడులు చాలు, బంగారం ధరకు ఇచ్చేంత చోటు కూడా అక్కర్లేదు. మరుసటి రోజు గాలి ఎటు నుంచో, సముద్రపు గాలి ఏ వేళకు తిరగొచ్చో కూడా అడిగి వేస్తే దాళ్వా కోతల కూలీలు, తాపీ మేస్త్రీలు పని వేళలు మార్చుకుంటారు. ఈ వేసవి నుంచే మొదలుపెట్టగలరా?

— ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, పాలకొల్లు