బాలింత కుక్కకు రెండు నెలలు గడువివ్వండి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వస్తే చాలు, మా హనుమకొండలో ఏ వీధిలో చూసినా కుక్కలు పిల్లల్ని పెడుతుంటాయి. పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ని కాబట్టి చుట్టుపక్కల ఎవరింటి ముందు కుక్క ఈనినా నాకే ఫోన్ చేస్తారు. ఈసారి మా వీధి చివర, సగం కట్టి ఆపేసిన ఇంట్లో సెంట్రింగ్ చెక్కల వెనక ఓ గోధుమరంగు కుక్క ఈనింది. అటువైపు వెళ్తే గుర్రుమంటోందని, బడిపిల్లలు నడిచే దారి అని కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరికీ టెన్షన్. కూనల్ని గోనెసంచిలో వేసి చెరువుగట్టు మీద వదిలేద్దామని కొందరు గట్టిగానే అన్నారు. అందరం కూర్చుని మాట్లాడుకుని ఆ పని ఆపగలిగాం. పక్క కాలనీలో మాత్రం ఆపేవాళ్లు లేకపోయారు. అక్కడి తల్లి చన్నులు వాచి, జ్వరంతో, రాత్రంతా గేటు గేటుకీ తిరుగుతూ ఏడ్చింది. ఏ కాలనీ భద్రత కోసం ఆ పని చేశారో ఆ కాలనీలోనే, పిల్లల కోసం వెతుకుతూ కనిపించిన ప్రతి మనిషి మీదికీ వెళ్లింది.

పుట్టిన కూన గురించి ఒక్క విషయం అందరికీ తెలిస్తే గోనెసంచి ఆలోచన ఎవరికీ రాదని నా నమ్మకం. దానికి కళ్లు తెరుచుకోవడానికే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. చెవులు ఆ తర్వాత తెరుచుకుంటాయి. మొదటి వారంలో చలికి వణకడం కూడా చేతకాదు, ఒంట్లో వేడిని అది నిలుపుకోలేదు. తల్లి నాకితే తప్ప మూత్రం, మలం రావు. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతోనే రోగాలను తట్టుకునే శక్తి వస్తుంది. అలాంటి దాన్ని చెరువుగట్టున వదలడమంటే చంపడమే.

ఇంకో సంగతి. జాలిపడేవాళ్లు గిన్నెలో ఆవుపాలు తెచ్చి కూనల ముందు పెడతారు. వాళ్ల మనసు మంచిదే, కానీ కుక్కపాలతో పోలిస్తే ఆవుపాలల్లో కొవ్వు, మాంసకృత్తులు తక్కువ, లాక్టోజ్ అనే పాలచక్కెర ఎక్కువ. అవి తాగి విరేచనాలు పట్టుకుంటే అంత చిన్న ప్రాణం నీరసించిపోవడానికి ఎంతోసేపు పట్టదు. తల్లి ఉన్నంతవరకు కూనల జోలికి వెళ్లకుండా తల్లికే తిండి పెట్టాలి. మూడు, నాలుగు వారాలప్పుడు పాలు బాగా పడతాయి. అప్పుడు దానికి మామూలుగా తినే దానికి రెండు మూడింతల తిండి కావాలి. మా వీధిలో అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి పెడుతున్నాం. చికెన్ షాపతను రోజూ కాసిని మెత్తటి ముక్కలు ఇస్తున్నాడు, వాటిని ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికిస్తున్నాం. ఉడికిన ఎముకలు మాత్రం వేయొద్దు, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. పాలిచ్చే తల్లి ఎన్ని నీళ్లు తాగుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తిండి పెట్టేది రోజూ ఒకే మనిషి, ఒకే వేళకి అయితే వారం తిరక్కుండానే ఆ గుర్రుమనడం తగ్గుతుంది. అడుగున పాత గోనెపట్టా, పైన గాలి అడ్డుకునే రేకు ఉంటే చాలు. బడిపిల్లలు ముద్దొస్తున్నాయని కూనల్ని ఎత్తుకోకుండా పెద్దవాళ్లు చూసుకోవాలి.

ఇంట్లో పొమేరేనియన్ లాంటి చిన్న జాతి కుక్కల్ని పెంచేవాళ్లకు ఇంకో మాట ముఖ్యంగా చెప్పాలి. ఈనిన రెండు నుంచి నాలుగు వారాల్లో తల్లికి కాల్షియం ఒక్కసారిగా పడిపోవచ్చు. ఒళ్లు వణుకుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, విపరీతంగా రొప్పుతుంది, జ్వరం వస్తుంది, నోటి నుంచి చొంగ కారుతుంది. నేను ఉద్యోగంలో ఉండగా దీన్ని పిచ్చికుక్క లక్షణమనుకుని దగ్గరికి వెళ్లడానికే భయపడి వదిలేసినవాళ్లను చూశాను. డాక్టరు నరం ద్వారా నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తే చాలావరకు కళ్ల ముందే తేరుకుంటుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

కూనలకు రెండో వారం నుంచి ఏలికపాముల మందు వేయించాలి, ఎందుకంటే తల్లి కడుపులో ఉండగానే ఆ పురుగులు కూనలకు చేరతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకు టీకా, మూడు నెలలకు రేబీస్ టీకా.

ఇంత చెబుతున్నానని కుక్కకాటును తేలిగ్గా తీసుకుంటున్నానని ఎవరూ అనుకోవద్దు. కరిస్తే వెంటనే పావుగంట సేపు సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడిగి, ఆస్పత్రికి వెళ్లి టీకాలన్నీ పూర్తిగా వేయించుకోవాలి. కుక్కలు పెరగకూడదనే నా కోరిక కూడా. అందుకు దారి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆకలికి మాడేలా జంతువును ఎక్కడో వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. కూనలు ఎనిమిది వారాలకు పాలు మానేస్తాయి. తల్లి మళ్లీ ఎదకు రావడానికి సాధారణంగా ఇంకా సమయం ఉంటుంది. ఆపరేషన్‌కు అదే సరైన అదను. కుక్క ఈనిందని ఫోన్ వచ్చినప్పుడు మున్సిపల్ సిబ్బంది ఆ తేదీ రాసిపెట్టుకుని, రెండు నెలలు దాటాక వచ్చి తల్లిని తీసుకెళ్తే వచ్చే ఏడు ఆ వీధిలో అంత పెద్ద సంతానం ఉండదు. మా జిల్లా పేజీలో ఆ ఫోన్ నంబరు, ఆపరేషన్లు చేసే చోటు వారానికోసారైనా వేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

మా వీధి కూనలకు ఇప్పుడు ఐదో వారం. పెంచుకుంటామని వచ్చేవాళ్లంతా మగదాన్నే అడుగుతున్నారు. ఆడ కూనకు కూడా ఆరు నెలలు నిండాక ఆపరేషన్ చేయించవచ్చు, ఇంటికి అదీ అంతే కాపలా కాస్తుంది. మిగిలిన మూడూ ఆడవే. ఎనిమిది వారాలు నిండాక తీసుకెళ్లేవాళ్లు ముందుకు రావాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత పశుసంవర్ధక శాఖ ఉద్యోగి, హనుమకొండ