బుధవారం మ్యాట్నీ

అమ్మలూ,

వాట్సాప్‌లో ఏం పెట్టినా రెండు నీలం టిక్కులు పడి ఊరుకుంటున్నాయి కాబట్టి ఈసారి తీరిగ్గా కూర్చుని మెయిల్‌లో పెద్ద ఉత్తరమే రాస్తున్నా. కంగారేం లేదు, నీకు వీలైనప్పుడు చదువుకో. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు నొప్పి అలాగే ఉంది, డాక్టరు నడవమన్నాడు, ఆవిడ నడవదు. ఎదురింటివాళ్లు మళ్లీ బోరు వేయిస్తున్నారు, ఆ మోతకి పగలు కునుకు లేదు. రామం మావయ్య ఇంకా అలిగే ఉన్నాడు.

నేను టీవీ చూస్తున్నా. నవ్వకు. రిమోట్ దాచిన మనిషినే, ఒప్పుకుంటా, కానీ రిటైరైన వాడికి సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మీ అమ్మ పక్కన కూర్చోవడం తప్ప ఈ ఇంట్లో వేరే కుర్చీ లేదు. ఎనిమిదిన్నరకి వచ్చే సీరియల్ సంగతి చెప్తా విను. అందులో పిల్లకి ఒక నిజం తెలుసు. సంక్రాంతి నుంచి దాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. మొగుడు వచ్చి ఏమైందని అడుగుతాడు. ఏం లేదండీ అంటుంది. ఉరుము శబ్దం మూడుసార్లు, మూడు పక్కల నుంచి దాని మొహం, తర్వాత అత్తగారి మొహం, ఆడపడుచు మొహం, స్తంభం చాటు నుంచి వింటున్న పనిమనిషి మొహం. ప్రకటనలు. అవి అయ్యాక మళ్లీ ఆ ఏం లేదండీ దగ్గర నుంచే మొదలు. రాత్రి పడుకునేటప్పుడు కూడా వడ్డాణం తియ్యదు, ఆ వడ్డాణం గుచ్చుకుని అయినా నిజం బయటికి రావాలి కదా, రాదు.

చెప్పెయ్యవే తల్లీ, అని నేను పైకే అరిచా మొన్న. చెప్పేస్తే రేపటి నుంచి ఏం చూస్తాం అంది మీ అమ్మ. ఆవిడన్నదీ నిజమే. రేటింగులు గురువారం గురువారం వస్తాయి, వాటిని బట్టి కథ సాగుతుంది, టైమ్ కూడా మారుతుంది. ఒకళ్లు ఇంకొకళ్లకి ఒక్క మాట చెప్తే ముగిసిపోయే కథని అలా ఏళ్ల తరబడి లాగుతారు. వాళ్లకంటే జీతాలొస్తాయి అందుకు. మామూలు మనుషులకి ఏం వస్తుందో నాకర్థం కాదు.

అన్నట్టు, గిరిజ పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల వాసు ఆఫీసు పని మీద బెంగళూరు వచ్చాడట కదా, కోరమంగళలో మాల్లో మధ్యాహ్నం రెండింటప్పుడు సినిమా హాలు గేటు దగ్గర నిన్ను చూశాడట. ఒక్కదానివే ఉన్నావట. పలకరిద్దామనుకునేలోపు లోపలికి వెళ్లిపోయావట. బుధవారం. సరే, వాసు కళ్లద్దాలు ఎంత మందమో నీకు తెలుసు, ఎవరిని చూసి ఎవరనుకున్నాడో. పిన్నితో నేను అదే అన్నా. ఏ సినిమా అని అడిగితే వాడికి గుర్తు లేదట.

మీ అమ్మ ఈ మధ్య కొరియా సీరియల్ ఒకటి తెలుగు డబ్బింగ్‌లో పట్టుకుంది, నువ్వు పెట్టిచ్చిన ఆ ఓటీటీలోనే. వాళ్లు ఎంతసేపూ తింటూనే ఉంటారు, ఆ నూడుల్స్ జుర్రుకునే చప్పుడు వింటే రాత్రి పదింటికి నాకు మళ్లీ ఆకలి. మంచి విషయం ఏంటంటే వాళ్లది పదహారు ఎపిసోడ్లలో అయిపోతుంది. మన దగ్గర పదహారు ఎపిసోడ్లకి పెళ్లిచూపుల్లో కాఫీ కూడా ఇవ్వరు. ఒక్కటే చిరాకు, డబ్బింగ్‌లో ఆ పిల్ల గుంటూరు యాసలో తిడుతుంటే పెదాలు మాత్రం ఇంకేదో అంటుంటాయి. ఫోన్లో నువ్వు అంతా బాగానే ఉంది నాన్నా అంటున్నప్పుడు నాకు అలాగే ఉంటుంది, సరే వదిలెయ్.

నిన్న మళ్లీ మాయాబజార్ వేశారు. రంగులది. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు మన ముగ్గురం కలిసి వెళ్లాం, నీకు గుర్తుందా, నువ్వు ఇంటర్వెల్లో సమోసాలన్నీ తినేసి రాత్రంతా కడుపునొప్పని ఏడ్చావు. ఆ రంగులు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. మార్కస్ బార్ట్లీ తెలుపు నలుపుల్లో తీసిన ఆ పడవ పాటలో వెన్నెల నీళ్ల మీద ఎలా మెరుస్తుందో, దానికి నీలం పూసి పెట్టారు. 1957 సినిమా, అప్పటికి కంప్యూటర్ లేదు పాడూ లేదు, ఆ లడ్డూలు వాటంతటవే ఎస్వీ రంగారావు నోట్లోకి ఎగురుతుంటే ఇప్పటికీ నోరు తెరుచుకుని చూస్తా. అంతకంటే గొప్పది సావిత్రి. ఆడపిల్ల రూపంలో ఉన్న ఘటోత్కచుడు ఎలా నడుస్తాడో, పెళ్లిపీటల మీద రేలంగి కాలు ఎలా తొక్కుతాడో, ఆ పిల్ల భుజాలు ఒక్కసారి విరిచేసరికి మనకి రాక్షసుడు కనపడతాడు. ఇప్పటి హీరోయిన్లకి భుజాలున్నాయని దర్శకులు మర్చిపోయారు. ఇంకో సంగతి గమనించావా, ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు. మూడు గంటలూ మాట వాళ్ల గురించే, మనుషులు మాత్రం కనపడరు. మన ఇంట్లోనూ ఇప్పుడంతే అంది మీ అమ్మ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

మాయాబజార్ అంటే సత్యం బాబాయి చెప్పాలి. నీకు చిన్నతాతయ్య, నువ్వు పుట్టేసరికే పోయాడు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఆయన మా ఇంట్లోనే ఉండేవాడు, నారాయణగూడలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. పొద్దున తొమ్మిదికల్లా తల దువ్వుకుని, మీ నానమ్మ కట్టిచ్చిన మూడు గిన్నెల క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు, సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు. ఒకటో తారీఖున మీ తాతయ్య చేతికి డబ్బిచ్చేవాడు, ఆ తర్వాత రెండో మూడో నెలల్లో కొంచెం తగ్గించి ఇచ్చాడు, ప్రెస్సులో పని తక్కువగా ఉందన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. అప్పట్లో క్రాస్ రోడ్స్ హాళ్లలో పాత సినిమాలు మార్నింగ్ షో వేసేవాళ్లు. మాయాబజార్ వచ్చింది. ఆదివారం నాడు అందరం నడుచుకుంటూ వెళ్లాం, బాబాయి మాత్రం రానన్నాడు, తలనొప్పన్నాడు, మీ తాతయ్య కేకలేస్తే వచ్చాడు. నా పక్కనే కూర్చున్నాడు, అటు పక్క మీ నానమ్మ. సినిమా మొదలైన కాసేపటికి నాకు ఏదో తేడాగా అనిపించింది. హాల్లో అందరూ నవ్వడానికి ఒక్క క్షణం ముందు బాబాయి నవ్వుతున్నాడు. శకుని పాచికలు ఎత్తకముందే నవ్వు. తివాచీ మీద కూర్చోబోతున్నారంటే చాలు, వాళ్లు కూర్చోకముందే. మాటలు తెర మీద రాకముందే ఆయన పెదాలు కదిలేవి. నేను చిన్నవాణ్ణి, మా బాబాయికి ఎంత తెలివో అనుకున్నా. మీ నానమ్మ తెర చూడ్డం మానేసి ఆయన్నే చూస్తోంది.

దారిలో ఏమీ అనలేదు. మర్నాడు బాబాయి తల దువ్వుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి క్యారేజీ కోసం చెయ్యి చాపాడు. మీ నానమ్మ పీట వేసి, కంచంలో వేడన్నం, పప్పు, నెయ్యి వడ్డించింది. ఇవాళ్టి నుంచి ఇక్కడే తిను, చల్లారిపోయిన అన్నం ఎన్నాళ్లు తింటావు అంది. అంతే. ఆయన గోడకి తిరిగి కూర్చుని తిన్నాడు. క్యారేజీ అటక ఎక్కింది. ప్రెస్సు మూతపడిందన్న మాట మీ తాతయ్యకి ఆవిడే ఎప్పుడో మెల్లగా చెప్పింది, ఎలా చెప్పిందో గానీ ఇంట్లో గొడవ మాత్రం జరగలేదు. తర్వాత ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాగా కుదిరాడు, అక్కడే ఆఖరిదాకా చేశాడు. ఆ సినిమా ఎప్పుడొచ్చినా అందరికంటే ముందే నవ్వేవాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే మాయాబజార్ మాట వచ్చింది కాబట్టి.

ఉద్యోగాల గురించి మామూలుగా ఒక మాట, నీ గురించి కాదు, ఈ రోజుల్లో పిల్లలందరికీ. చేతిలో ఇంకో ఆఫర్ లెటర్ లేకుండా రాజీనామా చెయ్యకూడదు అని అందరూ అంటారు, నేనూ అంటాను, కానీ చేసేశాక ఆ మాట అనడం వల్ల లాభం లేదని కూడా నాకు తెలుసు. ఆఫీసు వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒకటి ఉండాలి, నీకు ఉందో లేదో చెప్పు, లేకపోతే నేను కడతా. పీఎఫ్ మాత్రం ముట్టుకోకు, ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే టాక్స్ పడుతుంది. కాఫీలు తగ్గించు. రాత్రిళ్లు ఒంటిగంటకి లాస్ట్ సీన్ కనపడుతోంది, అంతసేపు మేలుకుంటే జుట్టు ఊడుతుంది, మీ మేనత్తకి ఊడింది. సరే, లెక్చరు ఆపుతా.

బలగం కూడా మళ్లీ చూశాం. మొదటిసారి 2023లో చూసినప్పుడు నాకు కోపమొచ్చింది. నల్లిబొక్క, అదే మూలుగ ఎముక కోసం అల్లుడు అలిగి ఇరవై ఏళ్లు అత్తారింటి గడప తొక్కకపోవడం ఏమిటి, మరీ చోద్యం కాకపోతే అనుకున్నా. ఈసారి అలా అనిపించలేదు, రామం మావయ్యది గుత్తివంకాయ కూరతో మొదలైందే కదా. జబర్దస్త్‌లో నవ్వించే వేణు ఇంత సినిమా తీస్తాడని ఎవరనుకున్నారు. నాకు నచ్చిందేమిటంటే అందులో విలన్ లేడు, పోయిన తాతకి పెట్టిన ముద్దని పిట్ట ముట్టడం లేదు అంతే. ఊరంతా ఆకాశం వైపు చూస్తూ నిలబడతారు, పిట్ట రాదు, ఎవరు ఏం దాచుకున్నారో ఒక్కొక్కటే బయటికొస్తుంది. కొన్నిచోట్ల ఏడుపు కాస్త ఎక్కువైంది, అది కూడా చెప్పాలి. చివర బుడగ జంగాల పాట వచ్చేసరికి మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది, స్టవ్ మీద ఏమీ లేదు.

ఆ బుధవారం ఏమైనా పండగేమో అని క్యాలెండర్ చూశా. ఏమీ లేదు. కర్ణాటకలో వేరే సెలవులు ఉంటాయి కదా అన్నా మీ అమ్మతో. అదీ లేదట, ఆవిడ ముందే చూసింది.

నేను తప్పని అనడం లేదు. పగటి పూట సినిమా మంచిదే, హాలు ఖాళీగా ఉంటుంది, టికెట్ తక్కువ. ఒంటరిగా వెళ్తే మాత్రం వెనక మధ్య వరసలో కూర్చో, ఏసీ గాలి నెత్తి మీద పడుతుంది, చున్నీ తీసుకెళ్లు. ఆ పాప్‌కార్న్ కొనకు, ఆ డబ్బుతో భోజనం వస్తుంది. కొత్త సినిమాల మొదటి రోజు గుంపుల్లోకి అస్సలు వెళ్లకు. 2024 డిసెంబర్‌లో ఇక్కడ సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ రోజు తొక్కిసలాటలో ఒక తల్లి పోయింది, ఆ దారిన వెళ్లినప్పుడల్లా మీ అమ్మకి నువ్వే గుర్తొస్తావు, నువ్వు బెంగళూరులో ఉన్నావన్న సంగతి ఆవిడకి పట్టదు.

నీ అమృతం ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి, రాత్రి భోజనం దగ్గర ఒకటి పెట్టుకుంటున్నాం. 2001లో మొదలైందంటే నమ్మబుద్ధి కాదు. ఆదివారం రాత్రి హోంవర్కు చెయ్యకుండా జెమినీ పెట్టి కూర్చునేదానివి, అప్పాజీ అద్దె అడగడానికి వచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకునేదానివి. ఇప్పటికీ నిలబడింది. సినిమాల్లో కోట్లు పోసి రాయించినా అంత హాయి హాస్యం రావడం లేదు. అమృతరావు, ఆంజనేయులు ఏదో ఒకటి చెడగొట్టుకుంటారు, సంజీవినికి తెలియకుండా సర్దుదామని చూస్తారు, అది ఇంకా చెడుతుంది, చివరికి అందరికీ తెలిసిపోతుంది, వారం తిరిగేసరికి ఆ నలుగురూ అదే హోటల్లో ఉంటారు. ఎవరూ ఎవర్నీ ఇంట్లోంచి పంపెయ్యరు.

ఒకటో తారీఖున నీ అకౌంట్లో కొంచెం వేస్తున్నా. పోయినసారిలా తిరిగి పంపకు, బ్యాంకు మెసేజ్ మీ అమ్మ ఫోన్‌కి వస్తుంది. గోంగూర, కంది పొడి పార్సిల్ కట్టి పెట్టా, అద్దె ఇల్లు అదేనా, మారావా, అడ్రస్ ఒకసారి రాసి పంపు. వెనక గది ఖాళీగానే ఉంది, ఏసీ బాగు చేయించా, ఇంటర్నెట్ స్పీడు పెంచమని చెప్పా, అది మా కోసమే.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఎనిమిదిన్నరకి చేసినా పర్లేదు, ఎత్తుతాం.

నాన్న

తా.క. ఇంతకీ ఆ సినిమా బాగుందా? బాగుంటే పేరు చెప్పు, ఇక్కడ దేవిలో ఆడుతుంటే మేమూ మ్యాట్నీకి వెళ్లొస్తాం.